రంగం బాంబుల్లో పోయిన మనిషికి, ఇంటికి ఇప్పుడు పరిహారం వస్తుందా?

బాబూ, సమాధానం ముందు చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకోండి. ఆ ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. 1941-42లో రంగంలో, అదే రంగూన్‌లో, పోయిన మనిషికి గానీ ఇంటికి గానీ కొట్టుకి గానీ ఇవాళ దరఖాస్తు పెట్టుకుంటే డబ్బిచ్చే పథకం జపాన్‌లో లేదు, బ్రిటన్‌లో లేదు, ఢిల్లీలో లేదు, మయన్మార్‌లో, అంటే అప్పటి బర్మాలో, అసలే లేదు. మీ కుటుంబానికి జరిగింది చిన్న నష్టమని నేను అనడం లేదు, చాలా పెద్ద అన్యాయం జరిగింది. ఆ దారులు ఎప్పుడు, ఎవరి సంతకంతో మూసుకుపోయాయో తెలిస్తే రేపు ఇంకొకడు ఇంకో ఫైలు పట్టుకొచ్చినా మీరు మోసపోరు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మిగతావాళ్ళకి అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది క్లుప్తంగా చెబుతాను. మీది సోంపేట దగ్గర ఊరు. మీ తాతయ్యగారి అన్నయ్య రంగం రేవులో కూలీల మీద మేస్త్రీ, అక్కడే సొంత ఇల్లు, చిన్న కొట్టు. 1941 డిసెంబరు బాంబుల్లో ఆయన కనిపించకుండా పోయారు. ఆయన భార్య చంటి కూతుర్ని ఎత్తుకుని మీ తాతయ్యతో కలిసి నడిచి ఇంటికి చేరారు. ఇప్పుడు ఒకతను ఊళ్ళోకి వచ్చి, జపాన్, బ్రిటన్ కలిసి ఫండు పెట్టాయి, కుటుంబానికి 40 లక్షలు, ఫైలు ఖర్చు 18 వేలు అంటున్నాడు. మీ మేనమామకి కువైట్ యుద్ధం డబ్బు నిజంగానే వచ్చింది కాబట్టి ఇదీ నిజమేనేమో అని మీ ఆలోచన. ఆ ఆలోచన సహజమే. కువైట్‌కి వచ్చి రంగానికి ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఎక్కువ సర్వీసు టెక్కలి, సోంపేట వైపే. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లు, పాత సెటిల్‌మెంటు రికార్డుల తగాదాలు రోజూ చూసిన పని. తొంభైల్లో కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్ళకి ఫారాలు నింపిపెట్టాను. రంగం కాగితాలు పట్టుకుని కూడా ముసలివాళ్ళు వచ్చేవారు. వాళ్ళకి లేదు అని చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని.

ముందు జరిగింది చెబుతాను. బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి ఓడెక్కి మన జనం తరాల తరబడి బర్మా వెళ్ళారు. రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. 1941 డిసెంబరు 23న, మళ్ళీ 25న, జపాన్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేశాయి. మొదటి రోజు జనం దాక్కోకుండా వీధుల్లో నిలబడి విమానాల్ని చూస్తున్నారు, అందుకే అన్ని చావులు. 1942 మార్చి 8కి రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఓడలో చోటు దొరకని లక్షలాది మంది భారతీయులు నడక మొదలుపెట్టారు. కొందరు ప్రోమ్ నుంచి టౌంగుప్ కనుమ దాటి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్ వైపు, కొందరు కలేవా, టము మీదుగా ఇంఫాల్, దిమాపూర్ వైపు. కలరాతో, ఆకలితో దారిలో రాలిపోయినవాళ్ళు వేలకి వేలు. వాళ్ళకి పంచనామా లేదు, మరణ ధ్రువపత్రం లేదు. చాలామందికి కర్మకాండ కూడా ఏ తేదీన చెయ్యాలో ఇంట్లోవాళ్ళకి తెలియలేదు.

అప్పట్లో ప్రభుత్వం ఏమీ చెయ్యలేదా అంటే, చేసింది, కానీ మనవాళ్ళు దాని గీతకి అవతల పడ్డారు. యుద్ధంలో గాయపడిన సామాన్య పౌరులకీ, చనిపోయినవాళ్ళ కుటుంబాలకీ సాయం చెయ్యడానికి ఇండియాలో 1941లోనే యుద్ధ గాయాల ఆర్డినెన్సు వచ్చింది. 1943లో ఇంకో చట్టం చేసి, కార్మికుడికి బాంబు దెబ్బ తగిలితే యజమాని పరిహారం కట్టాలన్నారు, యజమాని ముందే బీమా చేయించుకోవాలన్నారు. సరుకుకి, ఫ్యాక్టరీలకి యుద్ధ ప్రమాద బీమా వేరే ఆర్డినెన్సులతో పెట్టారు. అయితే ఇవన్నీ బ్రిటిష్ ఇండియా లోపలే. బర్మా 1937 ఏప్రిల్ 1 నుంచి ఇండియా నుంచి విడిపోయి వేరే పాలన కిందికి వెళ్ళిపోయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ హార్బరు మీద, కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. ఒకే ఊరి నుంచి ఇద్దరు అన్నదమ్ములు కూలికి వెళ్ళారనుకోండి, విశాఖ హార్బరులో దెబ్బ తిన్నవాడు ఇండియా చట్టం కిందికి వస్తాడు, రంగం జెట్టీ మీద చచ్చిపోయినవాడు రాడు. బాంబు వేసింది అదే దేశం, పాలించే రాజు అతనే, ఊళ్ళో ఏడ్చే తల్లీ ఒక్కతే. ఈ ఒక్క ముక్క అర్థమైతే యుద్ధ పరిహారం మొత్తం అర్థమైనట్టే. నష్టం ఎంత అన్నది ఎవరూ ముందు అడగరు. ఏ గీతకి ఇటు, ఏ తేదీకి ముందు, ఎవరి రిజిస్టరులో, అని అడుగుతారు.

ఇక బ్రిటన్. బర్మా ఆయిల్ కంపెనీ కేసు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ ఏజెంట్లు "బ్రిటన్ కోర్టు బర్మా పరిహారం ఇవ్వమంది" అని దీన్నే చూపిస్తుంటారు. 1942లో జపాన్ సైన్యం దగ్గర పడుతుంటే, నూనె వాళ్ళ చేతికి చిక్కకూడదని బ్రిటిష్ సైన్యం ఆదేశించి ఆ కంపెనీ బావుల్ని, రిఫైనరీని ధ్వంసం చేయించింది. రంగూన్‌కి నది అవతల ఉన్న సిరియం రిఫైనరీని మార్చి 7న, అంటే నగరం పడిపోవడానికి ముందురోజు, తగలబెట్టేశారు. యుద్ధం అయ్యాక కంపెనీ కోర్టుకి వెళ్ళింది. 1964లో బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠం, అంటే హౌస్ ఆఫ్ లార్డ్స్, కంపెనీ వైపే తీర్పు చెప్పింది. సొంత ప్రభుత్వం ఆలోచించి, ఆదేశించి పగలగొట్టిన ఆస్తికి డబ్బు కట్టాల్సిందే అంది. కానీ యుద్ధం జరుగుతుండగా పోరులో పోయిన ఆస్తికి అలాంటి హక్కు లేదని అదే తీర్పులో తేడా చూపించింది. మీ పెద్ద తాతగారి ఇల్లు ఈ రెండో రకం. అక్కడితో అయిపోలేదు. మరుసటి ఏడాది, 1965లో, బ్రిటన్ పార్లమెంటు యుద్ధ నష్టాల చట్టం అని ఒకటి చేసి, వెనకటి తేదీ నుంచి వర్తించేలా రాసి, ఆ మొదటి రకం హక్కుని కూడా కొట్టేసింది. అంత పెద్ద కంపెనీ, అంత పెద్ద లాయర్లు, చివరి కోర్టులో గెలిచిన కేసు, చట్టంతో పోయింది. ఇలాంటప్పుడు సోంపేట నుంచి 18 వేలతో పెట్టే ఫైలుకి అక్కడ తలుపు తెరుచుకుంటుందా?

బ్రిటన్ ఒక పథకం మాత్రం నిజంగా పెట్టింది. 2000 నవంబరులో ప్రకటించారు. జపాన్ చేతిలో యుద్ధ ఖైదీలుగా, శిబిరాల్లో బందీలుగా ఉన్న బ్రిటిష్ వర్గాల్లో బతికున్నవాళ్ళకి, లేదా వాళ్ళ భార్యకి, భర్తకి, ఒక్కసారి 10,000 పౌండ్లు. ఆ శిబిరాల్లో బందీలుగా ఉన్న పౌరుల్లో కూడా, తాము గానీ తల్లిదండ్రులు, తాతలు గానీ బ్రిటన్‌లో పుట్టలేదని కొందరిని మినహాయించారు. హాంకాంగ్‌లో పుట్టిన ఒకావిడ కోర్టుకి వెళితే అది వివక్షేనని 2006లో అప్పీలు కోర్టు కూడా ఒప్పుకుంది. మంచి తీర్పే. అయితే అది శిబిరంలో బంధించినవాళ్ళ గురించి. బాంబు పడి పోయినవాళ్ళకి, అడవుల్లో నడిచి పోయినవాళ్ళకి అందులో చోటు లేదు. మీ ఏజెంటు చూపించే పాత పేపరు కటింగు బహుశా దీని గురించే అయ్యుంటుంది.

జపాన్ సంగతి ఇంకా స్పష్టం. మనదేశం 1951లో శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సుకి వెళ్ళలేదు. 1952 జూన్ 9న జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుంది. అందులో జపాన్ మీద యుద్ధ నష్టపరిహారం క్లెయిములన్నీ వదులుకుంటున్నామని భారతదేశం రాసిచ్చింది. ఓడిపోయి, కాలిపోయి ఉన్న ఆసియా దేశాన్ని పిండకూడదన్నది అప్పటి ఆలోచన, అది గౌరవించదగ్గదే. కానీ దేశం తరఫున వదిలేసినప్పుడు, ఎవరి అన్న పోయాడో, ఎవరి ఇల్లు పోయిందో వాళ్ళకి దేశం తన ఖజానాలోంచి ఎంతో కొంత ఇచ్చి ఉండాల్సింది అని నేను గట్టిగా నమ్ముతాను. ఉదారంగా ఉండే హక్కు నష్టపోయినవాడిది. వాడి పేరు మీద ఇంకొకరు ఉదారంగా ఉంటే, ఆ ఖర్చు వాడే మోసినట్టవుతుంది.

జపాన్ తన సొంత జనానికే ఇలా చెయ్యలేదని కూడా తెలుసుకోండి. 1945 మార్చి 10 ఒక్క రాత్రిలో టోక్యోలో లక్ష మంది దాకా కాలిపోయారు. సైనికులకీ వాళ్ళ కుటుంబాలకీ జపాన్ యాభైల నుంచి పింఛన్లు ఇస్తూ వచ్చింది. అణుబాంబు బాధితులకి వేరే చట్టం ఉంది. మామూలు బాంబుల్లో కాళ్ళు చేతులు, తల్లిదండ్రులు పోగొట్టుకున్న పౌరులు మాత్రం కోర్టులకెక్కితే, యుద్ధకాలపు నష్టాన్ని ప్రజలందరూ సమానంగా ఓర్చుకోవాల్సిందే అని 1987లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే జర్మనీ చూడండి, 1950లోనే సైనికుడితో పాటు బాంబు దెబ్బ తిన్న పౌరుడికీ పింఛను చట్టం పెట్టింది, 1952లో ఆస్తి మిగిలినవాళ్ళ మీద పన్ను వేసి ఆస్తి పోయినవాళ్ళకి పంచే చట్టం కూడా చేసింది. రెండూ ఓడిపోయిన దేశాలే. డబ్బు లేక ఇవ్వలేదు అనే మాట అంత తేలిగ్గా ఒప్పుకోనక్కర్లేదు.

మరి బర్మా? 1954లో జపాన్ బర్మాతో ఒప్పందం చేసుకుని పదేళ్ళలో 20 కోట్ల డాలర్ల నష్టపరిహారం ఇస్తానంది. అది దేశానికి దేశం ఇచ్చింది, యంత్రాలు, పనుల రూపంలో. బలూచాంగ్ జలవిద్యుత్ కేంద్రం అలా కట్టిందే. పోయిన కూలీ ఇంటికి అందులోంచి ఏమీ రాలేదు. యుద్ధం తర్వాత మళ్ళీ బర్మా వెళ్ళి వ్యాపారం పెట్టుకున్నవాళ్ళది ఇంకో కథ. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది, 1964లో కొట్లన్నీ జాతీయం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు, లక్షల మంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వాళ్ళ వల్లే. ఆ కాందిశీకులకి మన ప్రభుత్వం ఇళ్ళకి, వ్యాపారానికి రుణాలు ఇచ్చింది, 1969లో చెన్నైలో రెప్కో బ్యాంకు వాళ్ళ కోసం, శ్రీలంక నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం పుట్టింది. అది పునరావాసం. పోయిన ఆస్తి విలువ లెక్కగట్టి ఇచ్చింది కాదు. మీ కుటుంబం 1942లోనే వచ్చేసి మళ్ళీ వెళ్ళలేదన్నారు కాబట్టి ఇదీ మీకు తగలదు.

ఇప్పుడు కువైట్. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది, అక్కడున్న మనవాళ్ళని లక్ష మందికి పైగా విమానాల్లో తెచ్చారు. 1991లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి తీర్మానం చేసి, ఈ ఆక్రమణ వల్ల కలిగిన నష్టానికి ఇరాక్ బాధ్యురాలని తేల్చి, జెనీవాలో పరిహార కమిషన్ పెట్టింది. డబ్బెక్కణ్ణుంచి? ఇరాక్ అమ్మే చమురు ఆదాయంలో మొదట 30 శాతం పట్టుకున్నారు, తర్వాత 25, 2003 నుంచి 5 శాతానికి తగ్గించారు. మొత్తం దాదాపు 27 లక్షల క్లెయిములు, అడిగింది 35 వేల కోట్ల డాలర్ల పైన, మంజూరైంది 5,240 కోట్ల డాలర్లు, చివరి వాయిదా 2022 జనవరిలో కట్టారు. 1991లో మొదలైంది 2022లో ముగిసింది. అది అంత సక్రమంగా నడిచిన పనికే అంత కాలం పట్టింది.

అందులో నాకు బాగా నచ్చింది, ఈ పని చేసే ఎవరైనా నేర్చుకోవాల్సింది, చిన్నవాళ్ళకి ముందు ఇవ్వడం. 1990 ఆగస్టు 2కీ 1991 మార్చి 2కీ మధ్య ఇరాక్ నుంచో కువైట్ నుంచో వెళ్ళిపోవాల్సి వచ్చింది అని చూపిస్తే చాలు, 'ఎ' (A) విభాగం కింద ఒకరికి 2,500 డాలర్లు, వేరే క్లెయిము పెట్టను అంటే 4,000, కుటుంబానికి 5,000 లేదా 8,000. ఇంటి సామాను బిల్లులు తెమ్మని అడగలేదు. తుపాకులు పేలుతుంటే బిల్లులు సర్దుకుని ఎవరు బయల్దేరతారు? ప్రాణం పోయినా, పెద్ద గాయమైనా బి విభాగం, ఒకరికి 2,500, కుటుంబానికి మొత్తం 10,000 దాకా. జీతం బకాయిలు, సామాను, వదిలేసి వచ్చిన వ్యాపారం లక్ష డాలర్ల లోపైతే సి విభాగం, ఆపైన డి. కంపెనీలు, ప్రభుత్వాల వంతు వాటి తర్వాత. ప్రాణానికి 2,500 డాలర్లు అంటే ఏం మూల్యం అని మీరు అడగొచ్చు, నేనూ చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆ డబ్బు పల్లెల్లో ఆడవాళ్ళ ఖాతాల్లో పడడం కళ్ళారా చూశాను.

గమనించాల్సింది ఇంకొకటి. మీ మేనమామ జెనీవాకి ఫైలు పెట్టలేదు. ఎవరూ పెట్టలేదు. ఢిల్లీలో విదేశాంగ శాఖ స్పెషల్ కువైట్ సెల్ అని పెట్టి, ఫారాలు తీసుకుని, దేశం తరఫున పంపింది, డబ్బు కూడా ఆ దారిలోనే వచ్చింది. ఖర్చుల కింద ప్రభుత్వం పట్టుకోగలిగింది చిన్న క్లెయిముల్లో 1.5 శాతం, పెద్దవాటిలో 3 శాతం మించకూడదు, అదీ మంజూరైన డబ్బులోంచి. ముందుగా ఫైలు ఖర్చని వేలు అడిగే పద్ధతి అందులో ఎక్కడా లేదు. గడువు దాటాక వచ్చినవాళ్ళు, పాస్‌పోర్టు పారేసుకుని, వేరే కాగితమూ లేనివాళ్ళు చాలా మంది మన జిల్లాలోనే మిగిలిపోయారు. ఆ కమిషన్ ఇప్పుడు మూసేశారు, కాబట్టి "కువైట్ మిగిలిన డబ్బు" అని ఎవరైనా వచ్చినా అదీ అబద్ధమే.

కాబట్టి తేడా ఇది. కువైట్ విషయంలో బాధ్యుడెవరో తేల్చిన తీర్మానం ఉంది, కట్టడానికి నూనె ఉంది, ఫారం తీసుకునే ఆఫీసు ఉంది, గడువు తేదీ ఉంది. రంగం విషయంలో ఈ నాలుగిట్లో ఒక్కటీ లేదు. ఎవరు ఏ దేశం పేరు చెప్పి వచ్చినా ఈ నాలుగూ అడగండి, జవాబు చెప్పలేకపోతే పంపించేయండి.

మన జిల్లా పిల్లలు ఇవాళ కూడా యుద్ధం జరిగే చోట్లకి వెళ్తున్నారు కాబట్టి ఇది కూడా చదువుకోండి. ఓడల మీద పనిచేసేవాళ్ళు మన ఉద్దానంలో ఇంటికొకరు ఉన్నారు. ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక ఎంత టెన్షన్ పడ్డామో తెలుసు. నావికుల సంఘాలకీ ఓడ యజమానులకీ మధ్య ఉన్న అంతర్జాతీయ ఒప్పందం వర్తించే ఓడ అయితే, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోట ఉన్న రోజులకి మూల జీతం అంత బోనసు, ప్రాణం పోతే లేదా అంగవైకల్యం వస్తే రెట్టింపు పరిహారం, అసలు అక్కడికి రానని చెప్పే హక్కు ఉంటాయి. అయితే మీ అబ్బాయి కాంట్రాక్టులో ఆ ఒప్పందం ఉందా లేదా అన్నదే ముఖ్యం. చాలామంది పిల్లలు సీడీసీ, అంటే ఓడ పనికి కావాల్సిన నావికుడి పుస్తకం, చేతికొచ్చిన ఆనందంలో కాంట్రాక్టు చదవకుండా సంతకం పెట్టేస్తారు, ఇంట్లో ఒక కాపీ కూడా ఉంచరు. దయచేసి ఉంచండి. ఇజ్రాయెల్ వెళ్ళేవాళ్ళకి అక్కడ 1970 నాటి చట్టం ఒకటుంది, దాడుల్లో దెబ్బతిన్న పౌరుడికి పింఛను ఇస్తుంది, చట్టప్రకారం వచ్చిన విదేశీ కార్మికుడికి కూడా అది వర్తిస్తుంది. దొంగదారిన వెళ్తే ఆ హక్కు కష్టం. ఇక ఇల్లు, కొట్టు మీద బీమా పాలసీల్లో చాలావాటిలో యుద్ధ నష్టం మినహాయింపు ఉంటుంది, అది ఇక్కడైనా అక్కడైనా చదివి చూసుకోవాల్సిందే.

మనదేశం లోపల ఉన్నది ఒక కేంద్ర పథకం. ఉగ్రవాద దాడులు, మత ఘర్షణలు, నక్సల్ హింస, సరిహద్దు కాల్పులు, మందుపాతర్ల వల్ల పౌరుడు చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా కుటుంబానికి సాయం. 2008లో 3 లక్షలతో మొదలై 2016లో 5 లక్షలైంది. కలెక్టరు ఆఫీసు ద్వారా నడుస్తుంది. మన్యం వైపు మందుపాతరకి బలైన కూలీల ఇళ్ళకి ఇది వర్తిస్తుంది, కానీ చాలామందికి తెలియదు. ఆస్తి నష్టం ఇందులో లేదు.

ఇప్పుడు మీ ఇంటి విషయానికి వస్తాను, ఎందుకంటే మీకు నిజంగా చెయ్యగలిగిన పని ఇక్కడ ఉంది. మీ పెద్ద తాతగారికి కూతురు ఉన్నారని, ఆవిడ పిల్లలు ఇచ్ఛాపురంలో ఉన్నారని రాశారు. అలాంటప్పుడు రేపు నిజంగా ఏదైనా పథకం వచ్చినా మొదటి వారసులు వాళ్ళు, మీరు కాదు. ఆ ఏజెంటు మిమ్మల్ని వారసుల గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదంటే, అతను నింపేది నిజమైన ఫారం కాదని అర్థం. యుద్ధ పరిహారంలో ఎక్కడైనా మొదట అడిగేది ఎవరు పోయారు, పోయినవాడికి మీరేమవుతారు అనే.

ఊళ్ళో మీ ముత్తాత భూమిలో ఆ పెద్దాయన వాటా ఏమైందో చూశారా? సోంపేట చుట్టుపక్కల ఎక్కువ ఊళ్ళు జమీందారీవి కాబట్టి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు, తీయించి చూడండి. రంగంలో తప్పిపోయినవాళ్ళ వాటాలు తమ్ముళ్ళ పేరున కలిసిపోవడం, భార్యకి తిండి పెడితే చాలు అనుకోవడం నేను చాలా ఊళ్ళలో చూశాను. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేనాటికి ఆవిడ చేతిలో భర్త వాటా ఉంటే సాధారణంగా అది ఆవిడ సొంతమే అయింది, తర్వాత కూతురిది. అది మీకు లాభం చేసే మాట కాదని తెలుసు, మీ వాటా తగ్గొచ్చు కూడా. అయినా చెప్పాలి. రెండు నెలల నడకలో పసిపిల్లని బతికించుకొచ్చిన ఆవిడకి జపాన్ ఇవ్వలేదు, బ్రిటన్ ఇవ్వలేదు, ఢిల్లీ ఇవ్వలేదు, కనీసం ఇంటివాళ్ళు ఇచ్చారా అన్నది మీ చేతిలో ఉన్న విషయం. రీసర్వే నోటీసులు వస్తున్న ఊరైతే ఇప్పుడే సరిచేసుకోవడం తేలిక.

మరణ ధ్రువపత్రం లేకపోతే దారి ఉంది. ఏడేళ్ళు కనిపించకపోతే, సహజంగా తెలియాల్సినవాళ్ళకి కబురు లేకపోతే, చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది, సివిల్ కోర్టులో ప్రకటన తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత మీసేవలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టుకి పెట్టండి. పాత కాగితాల్లో జిల్లా పేరు చూసి కంగారు పడొద్దు. 1936 ఏప్రిల్ 1కి ముందు సోంపేట, ఇచ్ఛాపురం గంజాం జిల్లా, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం. ఒకే ఊరికి మూడు జిల్లాల పేర్లు ఉండడం వల్ల ఫైళ్ళు తిరిగొచ్చేస్తుంటాయి, అందుకే దరఖాస్తులోనే ఈ తేదీలు రాసెయ్యండి. పెద్దాయన పేరు ఎక్కడైనా దొరుకుతుందేమో అనుకుంటే ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారం, చెన్నై ఎగ్మూరులో పాత మద్రాసు రికార్డులు ఉన్నాయి. డబ్బు కోసం వెతకొద్దు. మీ ఇంట్లో ఆయన తేదీ తెలియాలన్న కోరిక ఉంటేనే వెతకండి.

ఇంట్లో ఇంకా బతికున్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ నడక గురించి వాళ్ళు చెప్పేది ఫోనులో రికార్డు చెయ్యండి. ఊర్ల పేర్లు, ఎవరెవరు కలిసి బయల్దేరారు, ఎవరు ఎక్కడ ఆగిపోయారు అన్నీ. పక్క ఊరివాళ్ళ పేర్లు కూడా అందులో వస్తాయి, వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే ప్రశ్న ఉంటుంది.

ఏజెంటు దగ్గరికి వస్తే, డబ్బు కట్టకపోయినా ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు ఇచ్చానన్నారు కదా, ఈరోజే బ్యాంకుకి వెళ్ళి చెప్పండి, ఓటీపీ అడిగితే ఎవరికీ చెప్పొద్దు. ఎవరైనా ఇప్పటికే ఫోన్‌పేలో పంపేసి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత. అతను మళ్ళీ వస్తే పథకం పేరు, ఏ చట్టం, ఏ శాఖ అన్నది కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. నమ్మకం కుదరకపోతే 10 రూపాయల ఫీజుతో విదేశాంగ శాఖకి సమాచార హక్కు దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టొచ్చు, "1941-42లో బర్మాలో నష్టపోయిన భారత పౌరుల కుటుంబాలకి ప్రస్తుతం ఏదైనా పరిహార పథకం ఉందా" అని ఒక్క వాక్యం చాలు. వచ్చిన జవాబు ప్రింటు తీసి పంచాయతీ ఆఫీసులో అంటించండి, మీ ఊళ్ళో ఇంకెన్ని ఇళ్ళకి అతను వెళ్ళాడో మీకు తెలియదు కదా.